పదిహేను రోజుల కస్టడీ, అరవై రోజుల ఉచ్చు

బీల, తంపర భూముల్లో థర్మల్ ప్లాంట్లు వద్దన్నందుకు 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో పోలీసులు రైతుల మీద కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. బతికున్నవాళ్ల మీద కేసులు పడ్డాయి. కాబట్టి క్రిమినల్ చట్టాల మార్పు శ్రీకాకుళం, విజయనగరం రైతాంగానికి ఎక్కడో ఢిల్లీ సంగతి కాదు.

1992 సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం పోలీసు కస్టడీ రిమాండులోని మొదటి 15 రోజుల్లోనే. 2023 ఆగస్టు 11న లోక్‌సభలో పెట్టిన భారతీయ నాగరిక సురక్షా సంహిత బిల్లు ఆ 15 రోజుల్నీ ముక్కలు చేసి, నేరాన్నిబట్టి మొదటి 40 లేక 60 రోజుల్లో ఎప్పుడైనా తీసుకోవచ్చంది. "ఇంకా విచారించాలి, బెయిలివ్వొద్దు" అని అన్నాళ్లూ అడ్డుపడ్డానికి సాకు దొరికినట్టే. ఈలోగా ఆకుమడిలో ఆకు ముదిరిపోతే ఉభాలు ఎవరు చేస్తారు?

ఈ క్లాజు దుర్వినియోగమవుతుందన్న ఆందోళన వుందని, స్పష్టత తెమ్మని పార్లమెంటు స్థాయీసంఘమే నవంబరులో చెప్పింది. డిసెంబరులో పాత బిల్లు వెనక్కి తీసుకుని కొత్తది తెచ్చారు. 40, 60 రోజుల లెక్క మాత్రం కదల్లేదు! రెండు సభల్లో కలిపి 140 మందికి పైగా ప్రతిపక్ష సభ్యుల్ని సస్పెండు చేసిన ఆ సమావేశాల్లోనే 20న లోక్‌సభ, 21న రాజ్యసభ ఆమోదించేశాయి.

2024 జూలై 1న, సరిగ్గా ఉభాల వేళకే, చట్టం అమల్లోకొచ్చింది. మీ ఊళ్లో ఎవర్నయినా పట్టుకుపోతే రిమాండు తేదీ రాసి వుంచండి. కస్టడీ పిటిషను ఎన్నోరోజున వేశారో ప్లీడరుగారిని అడగండి.