82 బాక్సులు తెప్పిస్తే 9 పగిలాయి.. పాలెట్ విలువ అప్పుడు తెలిసింది!

"మాస్టారూ, సంతకం తర్వాత పెడుదురుగాని. ముందు పెట్టెలు చూసుకోండి" అన్నాడు హమాలీ బాబాయ్. అతను ఎత్తిన బాక్సు లోపల గలగలమంటోంది. కానీ అప్పటికే నాన్న ఎల్‌ఆర్ మీద సంతకం పెట్టేశారు. గుమస్తా తొందరపెట్టాడు మరి. విజయవాడ ఆటోనగర్‌లో ఓ ట్రాన్స్‌పోర్ట్ గోడౌన్ అది. బయట ఆషాఢం వాన.

ఇంటికి తెచ్చి లెక్కపెడితే 82 బాక్సుల్లో 9 పగిలాయి. తప్పు ఎవరిదంటే, సగం నాదే.

యాప్‌లో చూసి ఆర్డర్ పెట్టేశా

మాది ఉయ్యూరు. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. నాన్న రిటైర్డ్ టీచర్. చేతికొచ్చిన డబ్బుతో సొంతిల్లు కడుతున్నారు. శ్రావణంలో గృహప్రవేశం. ఫ్లోరింగ్‌కి 2x4 సైజు టైల్స్ అనుకున్నాం. విజయవాడ షాపులో అన్నీ కలిపి అడుగు 75 రూపాయలు చెప్పారు. అదే రకం గుజరాత్‌లోని మోర్బీలో ట్యాక్స్‌తో కలిపి 52. మన దేశంలో తయారయ్యే సిరామిక్ టైల్స్‌లో చాలా భాగం వచ్చేది ఆ ఊరి చుట్టుపక్కల ఫ్యాక్టరీల నుంచే. "షాపువాడికి ఎందుకివ్వాలి నాన్నా, నేను తెప్పిస్తాగా" అన్నాను. వేస్టేజీతో కలిపి 1270 అడుగులు. దాదాపు 29 వేలు మిగులుతాయని లెక్క.

ఒక్కో బాక్సులో రెండు టైల్స్, బరువు 30 కిలోలు. 82 బాక్సులంటే దాదాపు రెండున్నర టన్నులు. దీనికోసం పెద్ద లారీ మొత్తం మాట్లాడుకోలేం కదా! అందుకే పార్ట్ లోడ్. అంటే పదిమంది సరుకు ఒకే లారీలో వస్తుంది. ఎవరి బరువుకు వాళ్లు కిరాయి కట్టుకోవాలి. "పాలెట్ ప్యాకింగ్ కావాలా సార్, ఎక్స్‌ట్రా అవుతుంది" అని ఫ్యాక్టరీవాళ్లు ఫోన్‌లో అడిగారు. వద్దన్నాను. అట్టపెట్టెల్లో ప్యాక్ చేసి ఉన్నాయిగా, మళ్లీ చెక్క బల్ల ఎందుకులే అనుకున్నా.

ఒక్క పెట్టెను ఎన్ని చేతులు ఎత్తుతాయి?

మోర్బీ నుంచి మనకు 1500 కిలోమీటర్లు దాటుతుంది. పార్ట్ లోడ్ సరుకు ఒకే లారీలో నేరుగా రాదు. ఫ్యాక్టరీ దగ్గర ఎక్కించారు, మోర్బీ గోడౌన్‌లో దించారు. మళ్లీ ఎక్కించి హైదరాబాద్‌లో దించారు. అక్కడ ఇంకో లారీకి ఎక్కించి ఆటోనగర్‌లో దించారు. చివరికి టాటా ఏస్‌లోకి, అక్కడి నుంచి మా వరండాలోకి. మొత్తం ఎనిమిది సార్లు. 82 బాక్సులకు 656 సార్లు. అన్నీ కలిపితే మనుషుల చేతుల మీదుగా దాదాపు 20 టన్నుల బరువు కదిలినట్టు! మా రెండున్నర టన్నుల సరుకు కోసం.

అన్నిసార్లు ఎత్తిదించితే ఎక్కడో ఒకచోట చెయ్యి జారుతుంది. దానికితోడు మా బాక్సుల్ని పడుకోబెట్టి, పైన ఏవో ఇనప సామాన్లు వేశారు. టైల్‌ని నొక్కితే ఎంత బరువైనా తట్టుకుంటుంది. వంచితే మాత్రం పుటుక్కుమంటుంది. కింద ఎత్తుపల్లాలుండి పైన బరువు పడితే వంగదు, పగులుతుంది. అందుకే అలవాటున్నవాళ్లు టైల్స్‌ని ఎప్పుడూ నిలువుగానే పేరుస్తారు. ఇవన్నీ హమాలీ బాబాయ్ చెప్పినవే. ఇంజినీరింగ్ నాలుగేళ్లు చదివిన నాకు తట్టలేదు.

సంతకం పెట్టేశాక..

క్లెయిమ్ అడిగితే "సరుకు బాగున్నట్టు సంతకం చేశారు కదా సార్" అన్నారు. అప్పుడు కూర్చుని చదివా. రోడ్డు రవాణాకు 2007లో చేసిన చట్టం ఒకటుంది. దాని ప్రకారం సరుకు పోయినా, పాడైనా కోర్టుకు వెళ్లాలంటే, బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు ట్రాన్స్‌పోర్ట్‌వాళ్లకు రాతపూర్వకంగా నోటీసివ్వాలి. ముందే విలువ రాయించి ఎక్కువ రిస్క్ రేటు కడితే తప్ప, వాళ్ల బాధ్యతకు పరిమితి కూడా ఉంది. నేను అదీ కట్టలేదు. మా చేతిలో ఉన్నదల్లా శుభ్రమైన సంతకం ఉన్న ఎల్‌ఆర్. నోటీసు పంపాను గానీ, గృహప్రవేశానికి ఇరవై రోజులే ఉంది. దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోలేం.

నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. పగిలిన ముక్కల్ని గోడవారన పేర్చుకుంటూ "స్కర్టింగ్‌కి పనికొస్తాయిలేరా" అన్నారు. తిట్టినా బాగుండేది.

రెండోసారి పాలెట్ మీద

విజయవాడలో కొందామంటే కుదరదు. బట్టీలో ఒకసారి కాల్చిన టైల్స్‌కి, ఇంకోసారి కాల్చినవాటికి రంగులో కాస్త తేడా వస్తుంది. అందుకే బాక్సు మీద షేడ్, బ్యాచ్ నంబర్లు వేస్తారు. హాల్ మధ్యలో వేరే షేడ్ పడితే అమ్మ కళ్లు రోజూ అక్కడికే పోతాయి. మా అదృష్టం కొద్దీ ఫ్యాక్టరీలో అదే బ్యాచ్‌వి 10 బాక్సులు మిగిలున్నాయి.

ఈసారి నేనే అడిగా, పాలెట్ వెయ్యండని. చెక్క పాలెట్ మీద బాక్సుల్ని నిలువుగా పేర్చి, మూలలకు గట్టి అట్టలు పెట్టి, స్ట్రాపులు బిగించి, చుట్టూ ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టారు. ఫొటో పంపమన్నా, పంపారు. పాలెట్ అడుగున ఖాళీ ఉంటుంది కాబట్టి ఫోర్క్‌లిఫ్ట్ ఉన్నచోట మొత్తం 300 కిలోల్ని ఒకేసారి లేపుతుంది. అది లేనిచోట చక్రాల ట్రాలీతో లాగుతారు. పెట్టె పెట్టెనీ ఎవరూ ముట్టుకోరు, విసరరు.

మరి మా వీధిలో ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కడిది? ఆటోనగర్ నుంచి బందరు రోడ్డు మీద ఏస్‌లో వచ్చాక, స్ట్రాపులు కోసి పది పెట్టెల్నీ చేత్తోనే దించాల్సొచ్చింది. వచ్చింది అదే హమాలీ బాబాయ్. "ఇప్పుడు బాగుంది బాబూ. ఇలా వస్తే మా నడుములూ బతుకుతాయి" అన్నాడు. నాన్న ఒక్కో బాక్సూ తెరిచి చూశాకే సంతకం పెట్టారు. ఒక్క టైల్ కూడా పగల్లేదు.

ఎంత మిగిలింది?

కిరాయి 12 వేలు, లోకల్ బండి, హమాలీ 2500, మళ్లీ కొన్న పది బాక్సులకు 8060, వాటి పాలెట్, రవాణా ఖర్చులు 4 వేలు. 29 వేల ఆదాలో చివరికి మిగిలింది రెండు వేల ఆరు వందల చిల్లర. రెండు వారాలు నిద్ర లేదు, అది వేరే.

మీరూ తెప్పించుకుంటుంటే ఇవి గుర్తుపెట్టుకోండి:

* పాలెట్ ఖర్చు మొదటి లెక్కలోనే వేసుకోండి. దించే చోట ఎవరు దించుతారో ముందే మాట్లాడండి.
* సరుకు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు ఉండాలి. మామూలు సరుకుకు దాని గడువు 200 కిలోమీటర్లకు ఒక రోజు. దారిలో లారీ మారితే కొత్త బండి నంబరు ఎక్కించాలి.
* ఎక్కించేటప్పుడు, దించేటప్పుడు ఫొటోలు తీయించండి.
* పెట్టెలు లెక్కపెట్టి, కదిలించి చూశాకే సంతకం. తేడా ఉంటే ఎల్‌ఆర్ మీదే రాయండి.
* నాలుగైదు బాక్సులు అదనంగా కొనండి. అదే బ్యాచ్ మళ్లీ దొరక్కపోవచ్చు.

గృహప్రవేశం అనుకున్న ముహూర్తానికే అయింది. పాలెట్‌ని పొయ్యిలో పెడదామంటే నాన్న ఒప్పుకోలేదు. ఇప్పుడది స్టోర్ రూమ్‌లో బియ్యం బస్తాల కింద ఉంది. చెమ్మ తగలకుండా బాగుందట.