లక్షన్నరలో యూరప్... లెక్క తేలేది ఇంట్లోనే!

మా గౌలిపుర పిల్లలకు యూరప్ మొదట కనిపించేది సాలార్‌జంగ్ మ్యూజియంలో. ఆరో తరగతిలో స్కూల్ వాళ్లు తీసుకెళ్లినప్పుడు ‘వెయిల్డ్ రెబెక్కా’ ముందు నిలబడిపోయా. పాలరాయిలోంచి ముసుగు, ఆ ముసుగులోంచి ముఖం కనిపిస్తుంటే ‘ఇది నిజంగా రాయేనా సార్?’ అని అడిగా. బెంజోనీ అనే ఇటలీ శిల్పి చెక్కిన ఆ బొమ్మను మొదటి సాలార్‌జంగ్ 1876లో యూరప్ వెళ్లినప్పుడు రోమ్‌లో కొని తెచ్చాడట. అప్పుడే అనుకున్నా, ఎప్పటికైనా ఆ ఊరు చూడాలని.

ఆయన నిజాం దివాను. నేనేమో చిట్టీల మీద నడిచే ఇంట్లో పెరిగిన సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. అయినా వెళ్లొచ్చా. పన్నెండు రోజులు, రెండు దేశాలు, మూడు ఊళ్లు. మొత్తం ఖర్చు రూ.1,51,000. కానీ ఇది నా రెండో ప్రయత్నం. మొదటిసారి విమానం ఎక్కకుండానే 60 వేలు పోగొట్టుకున్నా. ముందు ఆ కథ చెప్తా. మీకు అసలు పనికొచ్చేది అదే.

ఏడు దేశాల పిచ్చి

ఉద్యోగంలో చేరి అప్పటికి ఐదు నెలలు. టూర్ ప్యాకేజీ అడిగితే పది రోజులకు రెండున్నర లక్షలు అన్నారు. ‘అంత ఎందుకు, నేనే ప్లాన్ చేసుకుంటా’ అని కూర్చున్నా. పన్నెండు రోజుల్లో ఏడు దేశాలు పెట్టా. ఆఫర్ కనిపించగానే డబ్బు వెనక్కి రాని విమాన టికెట్ 48 వేలకు కొనేశా. అమ్మ చిట్టీ ఎత్తి ఆ డబ్బు ఇచ్చింది.

‘‘వీసా రాకపోతే పైసలు వాపస్ ఇస్తరా?’’ అని అడిగింది.

‘‘ఎందుకు రాదమ్మా, వస్తది’’ అన్నా.

ఖాతాలో నా డబ్బు తక్కువ ఉందని, అప్లికేషన్‌కు రెండు వారాల ముందు మామయ్య దగ్గర మూడు లక్షలు తీసుకుని వేసుకున్నా. పాస్‌పోర్టు తిరిగొచ్చింది. లోపల స్టిక్కర్ లేదు, కారణాల పక్కన టిక్కులు పెట్టిన కాగితం ఉంది. ప్రయాణ ఉద్దేశానికి చూపిన ఆధారాలు నమ్మదగినట్టు లేవని ఒకటి, తిరిగి వెళ్తారన్న నమ్మకం కలగలేదని ఇంకొకటి.

ఆ రాత్రి అమ్మ ఏమీ అనలేదు. పొద్దున చాయ్ ఇస్తూ మాత్రం ‘‘గా పైసలతోని ఇంట్ల ఫ్రిజ్ వచ్చేది గదరా’’ అంది. తిట్టినా బాగుండేది.

కోపం తగ్గాక నా ఫైల్ నేనే తెరిచి, ఆఫీసులో కోడ్ రివ్యూ చేసినట్టు చూశా. ఐదు నెలల ఉద్యోగం, ఎక్కడినుంచో ఒక్కసారిగా వచ్చిపడ్డ మూడు లక్షలు, రోజున్నరకో దేశం. ఇలాంటి ఫైల్ నా ముందుకొస్తే నేనూ నమ్మను.

వీసా: డబ్బు కాదు, కథ కుదరాలి

షెంగెన్ వీసా ఒక్కటి ఉంటే 29 దేశాలు తిరగొచ్చు. కానీ అప్లై చేయాల్సింది మీకు నచ్చిన దేశానికి కాదు. ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటారో ఆ దేశానికి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. నాకు రెండోసారి ఇటలీలో ఏడు రాత్రులు, ఆస్ట్రియాలో మూడు. కాబట్టి ఇటలీ.

గుర్తుపెట్టుకోవాల్సినవి ఇవి:

* ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు. కనీసం 15 రోజుల ముందు అయినా ఇవ్వాలి. అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం కాబట్టి మూడు నెలల ముందే మొదలుపెట్టండి.
* ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు. సెంటర్ సర్వీస్ చార్జి దీనికి అదనం. వీసా రాకపోయినా ఫీజు తిరిగి రాదు.
* పాస్‌పోర్టు తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లాలి. రెండు ఖాళీ పేజీలు ఉండాలి.
* ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోల కవరేజీతో తప్పనిసరి. దండగ అనుకోకండి. అదే 1876 ప్రయాణంలో సాలార్‌జంగ్ అంతటివాడు పారిస్‌లో జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు!
* వీసా వచ్చేదాకా విమానానికి రిజర్వేషన్ చాలు. హాస్టళ్లు ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నవే బుక్ చేయండి.

రెండోసారి ఒక సంవత్సరం ఆగా. ప్రతి నెలా జీతం పడగానే పది వేలు పక్కన పెట్టా. ఎవరి డబ్బూ ఖాతాలో వేసుకోలేదు. ఆరు నెలల స్టేట్‌మెంట్, ఐటీ రిటర్న్, ఆఫీసు సెలవు లెటర్, రోజువారీ ప్లాన్, వీటితో పాటు ఒక పేజీ కవరింగ్ లెటర్ పెట్టా. మొదటిసారి రాలేదన్న సంగతి వాళ్ల సిస్టంలో ఎలాగూ ఉంటుంది. అందుకే దాచకుండా, ఈసారి ఏం మారిందో రెండు వాక్యాల్లో రాశా. పద్నాలుగు రోజుల తర్వాత కవర్‌లో స్టిక్కర్ కనిపించింది.

ఇంకో మంచి మాట. 2024 ఏప్రిల్‌లో మనవాళ్ల కోసం రూల్ మార్చారు. మూడేళ్లలో రెండు షెంగెన్ వీసాలు తీసుకుని సరిగ్గా వాడితే, ఆ తర్వాత రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ వీసాకు అవకాశం ఉంటుంది. అంటే మొదటి ట్రిప్పు బుద్ధిగా చేస్తే తర్వాతి దారి సులువు.

ఊళ్లు తగ్గిస్తే ఖర్చూ తగ్గుతుంది

చవక హోటల్ వెతకడం కంటే ఒక ఊరు తగ్గించుకోవడంలోనే ఎక్కువ మిగులుతుంది. ఊరు మారిన ప్రతిసారీ రైలు టికెట్, స్టేషన్ నుంచి బస, సగం రోజు, ఆకలి మీద దొరికిందేదో తినడం. ఏడు దేశాల ప్లాన్‌లో రైళ్లు, బస్సులకే నలభై వేలు లెక్క తేలింది. మూడు ఊళ్ల ప్లాన్‌లో ఎనిమిది వేలతో అయిపోయింది.

రోమ్‌లో దిగి, వియన్నా నుంచి ఎక్కేలా మల్టీ సిటీ టికెట్ తీసుకున్నా. వెనక్కి మళ్లీ రోమ్ రావాల్సిన పని తప్పింది. ఫ్లోరెన్స్ నుంచి వియన్నాకు రాత్రి రైలు, అంటే ఆ రాత్రి బస ఖర్చు కూడా మిగిలినట్టే. నవంబరు కాబట్టి విమానం, హాస్టల్ రెండూ తగ్గాయి. చలి మాత్రం ఉంటుంది, స్వెటర్ ఇక్కడి నుంచే పట్టుకెళ్లండి.

యూరోకు వంద రూపాయల చొప్పున నా లెక్క ఇది:

* విమానం: 54,000
* వీసా, సర్వీస్ చార్జి: 11,000
* ఇన్సూరెన్స్: 1,500
* హాస్టల్ పది రాత్రులు, సిటీ ట్యాక్స్‌తో: 35,000
* ఊళ్ల మధ్య రైళ్లు: 8,000
* తిండి, రోజుకు 20 యూరోలు: 24,000
* లోకల్ బస్సులు, మ్యూజియంలు: 15,000
* సిమ్: 2,500

అక్కడ మిగిలిన పైసలు

రోమ్ వీధుల్లో ‘నసోనీ’ అని చిన్న చిన్న కుళాయిలు రెండు వేలకు పైనే ఉన్నాయి. చల్లటి మంచినీళ్లు, ఉచితం. ఒక బాటిల్ దగ్గరుంటే చాలు. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక రేటు, కూర్చుంటే ఇంకో రేటు. మన ఇరానీ హోటల్ కుర్చీల విలువ నాకు అక్కడే తెలిసింది. రెస్టారెంట్ బిల్లులో ‘కోపెర్తో’ అని కనిపిస్తే మోసం అనుకోకండి, అది కూర్చున్నందుకు తీసుకునే చార్జి. ముక్కలుగా కోసి తూకం వేసి అమ్మే పిజ్జాతో మధ్యాహ్నం గడిచిపోతుంది. రాత్రిళ్లు హాస్టల్ కిచెన్‌లో అన్నం వండుకున్నా.

అన్నం అంటే గుర్తొచ్చింది. అమ్మ చికెన్ పచ్చడి, నెయ్యి డబ్బా కట్టబోయింది. యూరప్‌లోకి బయటి నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకెళ్లకూడదు. అంటే చికెన్ పచ్చడి, నెయ్యి, పాలకోవా అన్నీ ఇంట్లోనే ఆగిపోవాలి. ఆవకాయ, కందిపొడితో ఇబ్బంది లేదు. ఆ రెండూ నన్ను పన్నెండు రోజులు కాపాడాయి.

నెలలో మొదటి ఆదివారం ఇటలీలో ప్రభుత్వ మ్యూజియంలు, కొలోసియంతో సహా, ఉచితం. ఆ ఆదివారం రోమ్‌లో ఉండేలా తేదీలు పెట్టుకున్నా. రెండు గంటలు లైన్లో నిలబడ్డా. బోనాలనాడు లాల్‌దర్వాజా అమ్మవారి లైన్ చూసినవాడికి అదెంత!

కార్డు మెషిన్ ‘రూపాయల్లో కడతారా, యూరోల్లో కడతారా’ అని అడుగుతుంది. ఎప్పుడూ యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్లకు నచ్చిన రేటు వేస్తారు. వెళ్లే ముందు మీ కార్డు మార్కప్ కూడా చూసుకోండి. చాలా కార్డులకు 3.5 శాతం దాకా ఉంటుంది, అసలు లేనివీ దొరుకుతాయి. ఇటలీ రీజనల్ రైళ్లకు కాగితం టికెట్ కొంటే ఎక్కేముందు స్టేషన్లోని మెషిన్లో ముద్ర వేయించుకోవాలి, మర్చిపోతే ఫైన్. పర్సు సంగతంటారా... రంజాన్ నెలలో చార్మినార్ దగ్గర ఎలా పట్టుకుంటారో, టెర్మినీ స్టేషన్లోనూ అలాగే పట్టుకోండి.

తప్పులు ఇక్కడా చేశా. వియన్నాలో ఆదివారం షాపులు మూసేస్తారని తెలియక, ఆ పూట రేటు చూడకుండా స్టేషన్లో తినాల్సి వచ్చింది. కానీ ఆ తప్పు ఖరీదు పదిహేను యూరోలు. ఇంట్లో కూర్చుని చేసిన తప్పు ఖరీదు అరవై వేలు. అందుకే చెప్తున్నా, వెళ్లాక చూసుకుందాంలే అనుకోకండి. బడ్జెట్ యూరప్‌లో తేలదు. టికెట్ కొనక ముందే, మన ఇంట్లో, మన బ్యాంక్ స్టేట్‌మెంట్ దగ్గరే తేలిపోతుంది.

తిరిగొచ్చాక నాలుగు నెలల జీతంలోంచి ఫ్రిజ్ కొన్నా. ఒక ఆదివారం అమ్మను సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్లా. ఆటోలో పావుగంట దూరం. ఇన్నేళ్లలో ఒక్కసారీ లోపలికి రాలేదట. రెబెక్కా ముందు చాలాసేపు నిలబడింది. ముసుగు అంచు మీద చూపు పెట్టి, తన కొంగు సర్దుకుంది.

‘‘గిసొంటివి చూడనీకేనా గంత దూరం పోయినవ్?’’

‘‘అవునమ్మా.’’

‘‘ఈడ టికెట్ ఎంత?’’ అంది.

చెప్పా. గట్టిగా నవ్వింది. తర్వాత అడిగింది, ‘‘రెండోపారి పోతే నాక్కూడ వీసా ఇస్తరా?’’

ఇప్పుడు మా ఇంట్లో ఇద్దరి పేర్ల మీద నెలనెలా పక్కన పెడుతున్నాం. ఈసారి ఎవరి దగ్గరా అప్పు లేదు.