అద్దె ఇల్లు ఖాళీ చేసే ముందు రాతపూర్వక నోటీసు

ఇల్లు ఖాళీ చేస్తున్నామని యజమానికి నోటిమాటగా చెప్పి ఊరుకోవడం చాలామందికి అలవాటు. అడ్వాన్సు తిరిగి ఇవ్వవలసిన రోజున, "మీరు ముందుగా చెప్పలేదు" అని ఆయన అంటే మీ వద్ద రుజువు ఉండదు.

గడువు: ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 106వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు నివాస గృహం అద్దె నెలవారీ అద్దె అవుతుంది. దానిని ముగించదలచిన వారు, యజమాని అయినా అద్దెదారు అయినా, 15 రోజుల నోటీసు ఇవ్వాలి. ఒప్పంద పత్రంలో నెల లేదా రెండు నెలలు అని ఉంటే ఆ గడువే వర్తిస్తుంది. కనుక ముందు మీ పత్రం చదవండి.

లెక్క: గడువు నోటీసు రాసిన రోజు నుంచి కాక, అందిన రోజు నుంచి మొదలవుతుంది. ఉదాహరణకు, జూన్ 30న ఖాళీ చేయదలచి 15న మీరు రాసిన నోటీసు 20న అందితే, గడువు జూలై 5తో ముగుస్తుంది. ఆ అదనపు రోజుల అద్దె మీరు చెల్లించవలసి రావచ్చు.

అందజేత: నోటీసులో ఇంటి చిరునామా, ఖాళీ చేసే తేదీ, రావలసిన అడ్వాన్సు మొత్తం రాసి సంతకం చేయండి. స్వయంగా ఇస్తే నకలుపై యజమాని సంతకం, తేదీ తీసుకోండి. పోస్టులో పంపితే రశీదు, అందినట్లు తెలిపే ఆధారం భద్రపరచండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: ఒప్పందంలో 30 రోజులని ఉన్నప్పుడు 15 రోజుల నోటీసు చాలుతుందా? ఎందుకు?