ఆన్‌లైన్ ఖురాన్ క్లాసులో ‘సే’ అక్షరం ఎక్కడ తప్పిపోయింది? ఒకసారి మీ కాల్ ఆడియో సెట్టింగ్స్ చూడండి

మా ఆపా వాళ్లు అమెరికాలో, డల్లాస్ పక్కన ఉంటారు. వాళ్ల పాపకి తొమ్మిదేళ్లు. దగ్గర్లో ఉన్న మసీదుకి కార్లో వెళ్లాలి, అక్కడ పిల్లల క్లాసులు కూడా ఆదివారం మాత్రమే. అందుకే వారంలో నాలుగు రోజులు, అక్కడి టైమ్ ప్రకారం సాయంత్రం ఆరున్నరకి, కర్నూలులో ఉన్న మా హాఫిజ్ సాబ్ దగ్గర వీడియో కాల్‌లో ఖురాన్ నేర్చుకుంటుంది. ఇక్కడ అప్పుడు మర్నాడు ఉదయం ఆరు. ఆయన ఫజర్ నమాజ్ అయ్యాక ఫోన్ ముందు కూర్చుంటారు. చిన్నప్పుడు నేను కూడా ఆయన దగ్గరే నూరానీ ఖాయిదా చదివాను. ఆయనకి ఎంత ఓపికో నాకు బాగా తెలుసు.

అలాంటి మనిషి జనవరిలో ఆపాకి ఫోన్ చేసి, "బేటీ, పాప ప్రాక్టీస్ చేయట్లేదు. మూడు నెలల నుంచి ‘సే’ దగ్గరే ఆగిపోయింది" అన్నారట. పాపేమో క్లాస్ టైమ్ అయ్యేసరికి కడుపు నొప్పి అంటోంది. ఆపా నాకు కాల్ చేసి, "నువ్వు సాఫ్ట్‌వేర్ కదా, ఏదైనా ఏఐ యాప్ ఉంటే చెప్పు. ఈ క్లాస్ మానిపించేస్తా" అంది.

నాకు ఒక్క విషయం అర్థం కాలేదు. మిగతా ఏ అక్షరం రాకపోయినా నమ్ముతాను, ‘సే’ రాకపోవడమేంటి?

ఎందుకంటే ఆ అక్షరం పలకాలంటే నాలుక కొసని పై పళ్ల అంచుకి తగిలించి గాలి వదలాలి. అమెరికన్లు ‘థింక్’ అనేటప్పుడు మొదట వచ్చే శబ్దం అదే. మనవాళ్లకే అది కష్టం. ఇంట్లో ఉర్దూ మాట్లాడేటప్పుడు సే, సీన్, స్వాద్ మూడింటినీ ఒకే ‘స’గా పలుకుతాం. ఖురాన్ చదివేటప్పుడు మాత్రం అవి మూడు వేర్వేరు శబ్దాలు. కర్నూలులో పెరిగిన నాకు ఆ తేడా నేర్పడానికి హాఫిజ్ సాబ్ దాదాపు ఏడాది కష్టపడ్డారు. రోజంతా స్కూల్లో ‘థాంక్యూ’, ‘త్రీ’, ‘థర్స్‌డే’ అనే పిల్లకి అది నోట్లో సిద్ధంగా ఉండాలి కదా!

తజ్వీద్ తెలియని ఫ్రెండ్స్ కోసం చిన్న పరిచయం. ఖురాన్‌ని ఎలా పలకాలో చెప్పే నియమాలనే తజ్వీద్ అంటారు. ప్రతి అక్షరం నోట్లో, గొంతులో ఏ చోటు నుంచి రావాలో కచ్చితంగా ఉంటుంది. ఆ చోటుని మఖ్రజ్ అంటారు. కొన్ని అచ్చుల్ని రెండు, నాలుగు, ఆరు మాత్రల దాకా సాగదీయాలి, అది మద్. కొన్నిచోట్ల ముక్కులోంచి గుయ్యిమనే శబ్దాన్ని కొంచెంసేపు నిలపాలి, అది గున్నా. పొరపాటైతే అర్థమే మారిపోతుంది. కొండనాలుక దగ్గరి నుంచి వచ్చే ‘ఖాఫ్’తో ఖల్బ్ అంటే హృదయం. మామూలు ‘కాఫ్’తో కల్బ్ అంటే కుక్క. (తెలుగు లిపిలో ఈ తేడా నేను సరిగ్గా రాయలేకపోతున్నాను, చెవితో వింటేనే తెలుస్తుంది.) ఈ చదువు మొత్తం ఉస్తాద్ నోరు చూసి, విని, తిరిగి చెప్పడం మీదే నడుస్తుంది. అంటే ఈ క్లాసులో సిలబస్ ఏంటంటే శబ్దమే. ఆ శబ్దాన్ని మనం కాల్ యాప్ చేతిలో పెడుతున్నాం.

కాల్ యాప్‌కి కావాల్సింది వేరు. ఆఫీస్ మీటింగ్‌లో ఎవరేం అన్నారో అర్థమైతే దాని పని అయిపోయినట్టే. శబ్దంలో వివరం కొంత పోయినా, వాక్యాన్ని బట్టి మన బుర్ర పూరించుకుంటుంది.

కస్టమర్ కేర్‌తో మాట్లాడేటప్పుడు పేరు స్పెల్లింగ్ ఎలా చెప్తామో గుర్తు తెచ్చుకోండి. "ఎస్ ఫర్ శ్రీనివాస్, ఎఫ్ ఫర్ ఫాదర్" అంటాం కదా. పాత టెలిఫోన్ లైన్ సుమారు 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే పంపుతుంది. ‘స’ శబ్దానికి ఉన్న బలమంతా దాదాపు 4000 హెర్ట్జ్‌కి పైన ఉంటుంది. పిల్లల గొంతులో ఇంకా పైకి పోతుంది. అది కోసేస్తే ‘స’, ‘ఫ’, ఆ ‘థింక్’ శబ్దం మూడూ ఒకేలాంటి బలహీనమైన గాలి చప్పుడుగా మిగులుతాయి.

కానీ ఇది 2000 నాటి ల్యాండ్‌లైన్ కాదు కదా అంటారా? నేను కూడా అదే అనుకున్నాను. ఇప్పుడు చాలా కాల్ యాప్స్ వాడే ఓపస్ కోడెక్ 2012లోనే స్టాండర్డ్ అయింది. మనిషి చెవికి వినపడే మొత్తం రేంజ్‌ని అది మోయగలదు. అసలు సమస్య అంతకంటే ముందే, పాప చెవిలో ఉంది.

"పాప ఏం పెట్టుకుని కూర్చుంటుంది?" అని అడిగాను. "ఈద్‌కి కొనిచ్చిన ఇయర్‌బడ్స్" అంది ఆపా.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో పాట వింటున్నప్పుడు ఏ2డీపీ అనే ప్రొఫైల్ నడుస్తుంది. క్వాలిటీ బాగుంటుంది, కానీ అది ఒకవైపే. మైక్ ఆన్ అయిన క్షణం చాలా డివైజ్‌లు హెచ్ఎఫ్‌పీ అనే కాల్ ప్రొఫైల్‌కి మారిపోతాయి. అందులో పాత సీవీఎస్‌డీ కోడెక్ అయితే సెకనుకి 8000 శాంపిల్స్ మాత్రమే తీస్తుంది. శాంపిల్స్‌లో సగం వరకే ఫ్రీక్వెన్సీ పట్టుకోగలం, అంటే 4000 హెర్ట్జ్ దాటి ఏమీ ఉండదు. ఎంఎస్‌బీసీ అయితే 16,000 శాంపిల్స్, కాస్త నయం. కొత్త ఎల్ఈ ఆడియో వచ్చిన డివైజ్‌లలో పరిస్థితి ఇంకా మెరుగు, కానీ రెండు వైపులా సపోర్ట్ ఉండాలి. ఆపా వాళ్ల పాత విండోస్ ల్యాప్‌టాప్‌లో సౌండ్ సెట్టింగ్స్ తెరిచి ఇన్‌పుట్ ఫార్మాట్ చదవమన్నాను. "8000 హెర్ట్జ్" అంది.

అంటే హాఫిజ్ సాబ్ మూడు నెలలుగా పాప గొంతుని ల్యాండ్‌లైన్‌లో వింటున్నట్టే విన్నారు. అంతకంటే ఘోరం ఇంకోటి ఉంది. ఆయన సరిచేసి చూపించిన శబ్దం కూడా పాప చెవికి అదే సన్నని గొట్టంలోంచి వెళ్లింది. తను విన్నది విన్నట్టు తిరిగి చెప్పింది. మళ్లీ తప్పు అన్నారు.

బ్లూటూత్ తీసేసినంత మాత్రాన అంతా అయిపోదు. తర్వాతది నాయిస్ సప్రెషన్. ఫ్యాన్ చప్పుడు, ఏసీ గుయ్యిమనే మోత, ఇలా ఆగకుండా ఒకే తీరుగా వచ్చే శబ్దాన్ని అది చెత్తగా లెక్కేసి తీసేస్తుంది. ఇప్పుడు గొంతు మధ్య నుంచి ఊపిరిలా వచ్చే పెద్ద ‘హా’ని ఊహించుకోండి. మెషీన్‌కి అది ఫ్యాన్‌కి చుట్టంలాగే ఉంటుంది. ఆరు మాత్రలు నిలిపిన మద్, గున్నా అయితే కదలకుండా ఒకే స్వరం మీద ఉంటాయి. మ్యూజిక్ టీచర్లకి కూడా ఇదే బాధ, వయొలిన్ మీద నిలిపిన స్వరం మధ్యలో మాయమైపోయేది. వాళ్ల కోసమే జూమ్‌లో ‘ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్’ అని పెట్టారు.

మూడోది నాకు బాగా నచ్చిన బగ్. బగ్ అనకూడదు, ఫీచరే. గూగుల్ మీట్ లాంటివి వెబ్‌ఆర్‌టీసీ మీద నడుస్తాయి. అందులో నెట్‌ఈక్యూ అనే భాగం ఉంటుంది. నెట్‌వర్క్ ఒకసారి ఆలస్యంగా, ఒకసారి గుంపుగా ప్యాకెట్లు ఇస్తుంటే, మాట తెగిపోకుండా అది ఆడియోని అక్కడక్కడా కొంచెం సాగదీస్తుంది, ఇంకోచోట కొంచెం కుదిస్తుంది. పిచ్ మారదు కాబట్టి మనకి తెలియదు. మీటింగ్‌లో అద్భుతమైన పనితనం. కానీ మద్ పొడవు లెక్కపెడుతున్న ఉస్తాద్ దగ్గర? నెట్ బాగా ఊగుతున్న రోజు, పాప సరిగ్గా సాగదీసిన అచ్చు ఆయన దగ్గరికి చేరేసరికి పొట్టిదో పొడుగుదో అవ్వొచ్చు. ప్యాకెట్ పోతే ఆ ఖాళీలో ఏం ఉండాలో కూడా సాఫ్ట్‌వేరే ఊహించి నింపుతుంది.

ఇదంతా నా థియరీ. టెస్ట్ చేయాలి కదా. ఇయర్‌బడ్స్ తీసేసి, ఫోన్‌ని నోటికి జానెడు దూరంలో పెట్టి, మామూలు రికార్డర్ యాప్‌లో అదే పాఠం రికార్డ్ చేయమని ఆపాకి చెప్పాను. వాట్సాప్‌లో వాయిస్ నోట్‌లా కాదు, డాక్యుమెంట్‌గా పంపమన్నాను. అలా పంపితే ఫైల్ ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. హాఫిజ్ సాబ్‌కి వైర్డ్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినమన్నాను.

ఆయన రెండుసార్లు విన్నారట. తర్వాత నాకు ఫోన్ చేశారు. "‘సే’ బాగానే ఉంది కదరా! నీకంటే బాగా పలుకుతోంది." కొంచెంసేపు ఆగి, "కానీ ‘ఖాఫ్’ తప్పు. కాఫ్‌లా చెప్తోంది. ఇన్నాళ్లూ నాకు వినపడలేదు" అన్నారు.

రెండో మాట నేను అనుకోనిది. కాల్ ఆడియో లేని తప్పు చూపించడమే కాదు, ఉన్న తప్పుని దాచేసింది కూడా. ‘ఖాఫ్’, ‘కాఫ్’ తేడా గాలి విడిపోయే ఆ చిన్న క్షణంలో ఉంటుంది. సప్రెషన్, కంప్రెషన్ రెండూ కలిసి దాన్ని చదును చేసేశాయి. ఆయన పాపతో నేరుగా మాట్లాడి, తప్పు తనది కాదని చెప్పారు. కడుపు నొప్పి సంగతి ఆపా మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు వాళ్ల సెటప్ చెప్తాను. విదేశాల్లో ఉన్న మీ చుట్టాలకి పనికొస్తుంది. ముందు రెండు వైపులా మైక్ ఉన్న వైర్డ్ ఇయర్‌ఫోన్స్. ఉస్తాద్‌కి కూడా తప్పనిసరి, ఎందుకంటే పిల్లలు కాపీ కొట్టేది ఆయన గొంతునే. జూమ్ అయితే ఆడియో సెట్టింగ్స్‌లో ఒరిజినల్ సౌండ్ ఆన్ చేసి, కింద హై ఫిడిలిటీ మ్యూజిక్ మోడ్ టిక్ పెట్టండి. మీటింగ్ మొదలయ్యాక స్క్రీన్ మీద ఆ బటన్ ఆన్‌లోనే ఉందో లేదో చూసుకోండి. మీట్ అయితే నాయిస్ క్యాన్సిలేషన్ ఆఫ్ చేయండి. ఐఫోన్‌లో కాల్ నడుస్తుండగా కంట్రోల్ సెంటర్‌లో మైక్ మోడ్ కనిపిస్తుంది, అందులో వాయిస్ ఐసొలేషన్ వద్దు. ఇవన్నీ ఆఫ్ చేస్తే కుక్కర్ విజిల్ కూడా క్లాసులోకి వస్తుంది. పాపని తలుపు ఉన్న గదిలో కూర్చోబెట్టాలి.

ఇక్కడ ఒక చిక్కు. చిన్నపిల్ల క్లాసులో పెద్దవాళ్లు ఒకరు వింటూ ఉండాలని ఆపా రూల్, నేను కూడా అదే అంటాను. ఇయర్‌ఫోన్స్ పెడితే ఎలా? ఒక ఆడియో స్ప్లిటర్ కొంటే రెండు జతలు పెట్టుకోవచ్చు. ఆపా పక్కనే కూర్చుని ఉల్లిపాయలు తరుగుతూ వింటుంది.

ఏం చేసినా తగ్గనిది దూరం. కర్నూలు నుంచి డల్లాస్ 14 వేల కిలోమీటర్లకి పైనే. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. కేబుల్ సూటిగా వేసినా ఒకవైపుకే 70 మిల్లీసెకన్లు, నిజంగా అయ్యేది అంతకంటే చాలా ఎక్కువ. కాబట్టి మక్తబ్‌లో మేం చదివినట్టు అందరూ ఒకేసారి గొంతు కలపడం కాల్‌లో కుదరదు. ఎకో క్యాన్సిలేషన్ ఆన్‌లో ఉంటే ఇద్దరిలో ఒకరి గొంతు నొక్కేస్తుంది కూడా. ఆయన చెప్పాలి, ఆగాలి, పాప చెప్పాలి.

లైవ్‌లో పోయిన వివరం కోసం శుక్రవారం ఒక రికార్డింగ్ ఫైల్ పంపడం ఇప్పుడు హోంవర్క్. వినడానికి ఈజిప్టు ఖారీ మహమూద్ ఖలీల్ అల్ హుసరీ 1960ల మొదట్లో రికార్డ్ చేసిన పూర్తి ఖురాన్ ఉంది. నిదానంగా, స్పష్టంగా ఉంటుంది.

ఏఐ యాప్ సంగతి కూడా చెప్పాలి, ఆపా అడిగింది కదా. టార్టీల్ లాంటివి మీరు చదువుతుంటే విని, పదం వదిలేసినా వేరే పదం చెప్పినా పట్టుకుంటాయి. కంఠస్థం చేసేవాళ్లకి నిజంగా బాగుంటుంది. కానీ మఖ్రజ్ సరిగ్గా ఉందో లేదో తేల్చే పని నేనైతే దానికి అప్పగించను. ఉస్తాద్ బదులు కాదు, రివిజన్‌కి.

చిన్న చిక్కులు ఇంకో రెండు. పాప దగ్గర ఉన్నది 604 పేజీల మదీనా ముస్‌హఫ్, హాఫిజ్ సాబ్‌ది మన దేశంలో దొరికే ఇండో-పాక్ లిపి ప్రింట్. పేజీ నంబర్ చెప్తే కలవదు, గుర్తులు కూడా కొన్ని వేరుగా ఉంటాయి. ఖురాన్ డాట్ కామ్ సెట్టింగ్స్‌లో రెండు లిపులూ ఉన్నాయి, ఇద్దరూ ఒకటే పెట్టుకుంటే సరి. రెండోది టైమ్. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకి జరుగుతుంది, మన దగ్గర జరగదు. క్యాలెండర్‌లో క్లాస్‌ని ఇండియా టైమ్‌లో పెడితే అక్కడ ఏడున్నరకి పోతుంది, డల్లాస్ టైమ్‌లో పెడితే ఇక్కడ ఆయనకి ఐదుకే మొదలవుతుంది. ఆయన ఫజర్ నమాజ్ కోసం ఇండియా టైమ్‌లోనే ఉంచాం, పాప డిన్నర్ ముందుకి జరిగింది.

మొన్న ఆదివారం టెస్ట్ కోసం నేను కూడా కాల్‌లో చేరి ఒక లైన్ చదివాను. "మామూ, నీ ‘సే’ తప్పు" అంది పాప. నా మైక్ చెక్ చేశాను. వైర్డ్‌లోనే ఉంది.