పురుడు పోసిన చేయి.. బడికి కొలత కట్టిన చేయి

యాదగిరిగుట్ట: ఇక్కడి నరసింహస్వామిని వైద్య నరసింహుడని భక్తులు కొలుస్తారు. రోగం నయం కావాలని మండలం రోజులు ప్రదక్షిణలు చేసేవారు నేటికీ ఉన్నారు. దేవునిపై భారం వేసినా, ఊరికి దగ్గరలో ఒక దవాఖాన, పిల్లలకు ఒక మంచి బడి ఉండాలన్నది ప్రతి ఇంటి కోరిక. ఈ రెండూ ఎలా ఉండాలో దేశానికి లెక్క కట్టి చెప్పిన వైద్యుడొకరున్నారు. ఆయనే డాక్టర్ ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియార్.

ఆయన 1887 అక్టోబరు 14న కర్నూలులో పుట్టారు. కవలల్లో చిన్నవారు. పెద్దవారైన సర్ రామస్వామి మొదలియార్ 1946లో ఐక్యరాజ్యసమితి ఆర్థిక, సామాజిక మండలికి తొలి అధ్యక్షులయ్యారు. కర్నూలు బడిలో చదివిన అన్నదమ్ములిద్దరూ పై చదువులకు మద్రాసు చేరారు. తమ్ముడు వైద్యం చదివి, ప్రసూతి చికిత్సలో, స్త్రీల శస్త్రచికిత్సలో దిట్ట అనిపించుకున్నారు. ఎగ్మూరులోని ప్రభుత్వ స్త్రీల, పిల్లల ఆసుపత్రిలో పనిచేశారు. మద్రాసు మెడికల్ కాలేజీకి ప్రిన్సిపాలయ్యారు. ప్రసూతి వైద్యంపై ఆయన రాసిన పుస్తకం తరతరాల వైద్య విద్యార్థులకు పాఠ్యగ్రంథమయింది.

1942లో మద్రాసు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలరుగా వచ్చిన ఆయన 1969 వరకు, అంటే 27 ఏళ్లు ఆ కుర్చీలో ఉన్నారు. 1954లో తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడేవరకు రాయలసీమ కాలేజీలు మద్రాసు కిందనే ఉండేవి. పుట్టిన జిల్లా విద్యార్థుల పట్టాలు కూడా ఆయన హయాంలోనే వెలువడ్డాయన్నమాట. మన తెలంగాణ పిల్లలు అప్పుడు ఉస్మానియా కింద చదివేవారు. అయినా ఆయన మాట ఇక్కడిదాకా వచ్చింది.

1952లో కేంద్ర ప్రభుత్వం మాధ్యమిక విద్యా కమిషన్ వేసి ఆయనను అధ్యక్షునిగా నియమించింది. 1953లో నివేదిక అందింది. రెండేళ్ల ఇంటర్మీడియట్ తీసేసి ఒక ఏడాదిని బడిలో, మరో ఏడాదిని డిగ్రీలో కలపాలని కమిషన్ చెప్పింది. హైస్కూలు చదివి కాలేజీకి వచ్చేవారికి ఏడాది ప్రీ యూనివర్సిటీ కోర్సు పెట్టమంది. మన పెద్దలు 'పీయూసీ చదివిన' అని చెప్పుకునేది ఆ చదువే. ఆంధ్రప్రదేశ్‌లో 1969–70 నుంచి మళ్లీ రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చింది. ఆ పద్ధతి మారింది గాని, ఆయన ఎత్తిన ప్రశ్నలు మారలేదు.

తరగతిలో 30 మంది ఉంటే మంచిదని, 40 దాటరాదని కమిషన్ చెప్పింది. ఏడాదికి కనీసం 200 రోజులు బడి నడవాలంది. పల్లె బడుల్లో వ్యవసాయంతోపాటు తోటల పెంపకం, పశుపోషణ, కుటీర పరిశ్రమలు నేర్పమంది. చేతిపని నేర్చే పిల్లవాడు, పుస్తకం చదివే పిల్లవాడు ఒకే కప్పు కింద ఉండాలని బహుళార్థక పాఠశాలలను సూచించింది. ఆ బడులు మొదలైతే అయ్యాయి. తగిన ఉపాధ్యాయులు, పనిముట్లు, నిధులు చాలక చాలా చోట్ల పేరుకే మిగిలాయి.

పరీక్షల సంగతి మరీ ముఖ్యం. ఒక్క పరీక్షతో పిల్లవాని తలరాత తేల్చరాదని, బడిలో ఏడాది పొడవునా చేసిన పనిని లెక్కలోకి తీసుకోవాలని, అంకెలకు బదులు గ్రేడ్లు ఇవ్వాలని కమిషన్ కోరింది. ఉమ్మడి రాష్ట్రంలో పదో తరగతికి గ్రేడ్లు వచ్చింది 2012లో. తెలంగాణలో 2025 ఫలితాల నుంచి మళ్లీ మార్కులు చూపుతున్నారు. ఫలితాల రోజున ఇంటింటా గుండెలు దడదడలాడుతూనే ఉన్నాయి. ఫెయిలైన పిల్లవాడు ముఖం చాటేసుకోవడం మానలేదు.

వైద్యాన్నీ ఆయన వదల్లేదు. 1961లో ప్రపంచ ఆరోగ్య మహాసభకు అధ్యక్షులయ్యారు. 1959లో ఏర్పడి 1961లో నివేదిక ఇచ్చిన ఆరోగ్య సర్వే కమిటీకీ ఆయనే అధ్యక్షులు. ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం కింద 40 వేల మందికి మించి ఉండరాదని, ఉన్న కేంద్రాలను బాగుచేసిన తర్వాతే కొత్తవి తెరవాలని, జిల్లా ఆసుపత్రుల్లో నిపుణులుండాలని కమిటీ చెప్పింది. ఇప్పటి ప్రమాణం మైదాన ప్రాంతంలో 30 వేలు, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20 వేలు.

1963లో పద్మవిభూషణ్ అందుకున్న ఆయన 1974లో కన్నుమూశారు. మన పక్కనే బీబీనగర్‌లో ఎయిమ్స్ వచ్చింది. 2019లో 50 మందితో వైద్య తరగతులు మొదలయ్యాయి. సంతోషించదగిన విషయమే. కాని పెద్దాసుపత్రి వచ్చినంత మాత్రాన ఊరి ఆరోగ్య కేంద్రం పని తీరదు. అర్ధరాత్రి నొప్పులు వచ్చిన తల్లికి ముందు కావలసింది దగ్గరి దవాఖానలో తెరిచిన తలుపు, పలికే డాక్టరు. మన మండలంలోని ఒక్కో కేంద్రం కింద ఎంత జనాభా ఉన్నదీ, బడిలో ఒక్కో తరగతికి ఎంతమంది పిల్లలున్నదీ గ్రామసభల్లో అడిగి తెలుసుకోవలసిన బాధ్యత మనదే. అడగడానికి కావలసిన కొలతలు ఆ డాక్టరు ఎన్నడో ఇచ్చిపోయారు.