వీడ్కోలు తేదీల పట్టిక

కొత్త విండోస్ ఎప్పుడొస్తుంది, కొత్త ఉబుంటు ఎప్పుడొస్తుంది అని నువ్వు అడుగుతూ ఉంటావు గానీ అమ్మడూ, నేను డైరీలో రాసుకునేవి వేరే తేదీలు. ఏ సాఫ్ట్‌వేరుని దాని కంపెనీ ఎప్పుడు వదిలేస్తుందో, అవి. 2014 ఏప్రిల్ 8, విండోస్ ఎక్స్‌పీ. 2020 జనవరి 14, విండోస్ 7. 2025 అక్టోబర్ 14, విండోస్ 10. తాతకి పెళ్ళిరోజు గుర్తుండదు గానీ ఇవన్నీ నోటికి వచ్చు అని మీ మామ్మ దెప్పుతుంది. ఆవిడ మాటలో అబద్ధమేం లేదు.

వదిలెయ్యడం అంటే ఏమిటో చెప్పాలంటే ముందు ఆపరేటింగ్ సిస్టం సంగతి చెప్పాలి. పెళ్ళింట్లో పెత్తనం చేసే మేనమామని చూశావు కదా. వంటవాళ్ళకి బియ్యం కొలిచిచ్చేదీ, విడిదిలో ఎవరికి ఏ గదో చెప్పేదీ, ఒకే మంచం కోసం ఇద్దరు దెబ్బలాడుకుంటే సర్దేదీ ఆయనే. కంప్యూటర్లో మెమరీ పంచడం, ప్రోగ్రాములకి వంతులు వెయ్యడం, డిస్కుతోనూ ప్రింటరుతోనూ మాట్లాడ్డం ఇలాంటి పెద్దమనిషి పనే. ఆ పెద్దమనిషిని కోట్ల వరసల కోడుతో రాస్తారు. అంత రాతలో తప్పులు దొర్లకుండా ఎలా ఉంటాయి? విడుదలయ్యాక ఒక్కొక్కటే బయటపడతాయి. వాటిలో కొన్ని, దొంగ లోపలికి దూరడానికి వీలిచ్చేవి. అలాంటి కన్నాలు పూడ్చడానికి మైక్రోసాఫ్ట్ 2003 నుంచి ప్రతి నెలా రెండో మంగళవారం సవరణలు పంపుతోంది. వీడ్కోలు తేదీ దాటిందంటే ఆ మంగళవారాలు మనకి ఆగిపోయినట్టు. యంత్రం మామూలుగానే వెలుగుతుంది, పాటలు పాడుతుంది. కన్నాలు మాత్రం అలాగే ఉండిపోతాయి.

ఇదంతా చాదస్తం అనుకునేవాళ్ళకి 2017 మే నెల గుర్తుచేస్తాను. వన్నాక్రై అనే పురుగు మూడు నాలుగు రోజుల్లో 150 దేశాలు తిరిగింది. ఫైళ్ళన్నిటికీ తాళం వేసి, డబ్బు కడితేనే విప్పుతానంది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. విచిత్రమేమిటంటే ఆ కన్నానికి మందు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే పంపింది. వేసుకున్నవాళ్ళకి ఏమీ కాలేదు. గడువు తీరిపోయిన ఎక్స్‌పీకి కూడా ఆ గొడవలో ప్రత్యేకంగా ఒక సవరణ ఇవ్వాల్సొచ్చింది కంపెనీకి.

మరి మందు అందరికీ అందుతుందా అంటే, అక్కడే అండమాన్‌లోని మన ఊరు తుష్నాబాద్ కథ మొదలు. మైక్రోసాఫ్ట్ వాళ్ళు రెడ్మండ్‌లో బటన్ నొక్కిన రోజునే హైదరాబాద్ వాడికి అప్‌డేట్ వస్తుంది. ఫెరార్‌గంజ్ తహసీలులో, పోక తోటల మధ్య ఉన్న మనకి? 2020 దాకా ఈ దీవుల ఇంటర్నెట్ అంతా ఉపగ్రహం మీదే. ఆ ఉపగ్రహం ఉండేది భూమికి 36,000 కిలోమీటర్ల ఎత్తున. నువ్వు ఒక పేజీ అడిగితే ఆ మాట పైకి 36,000, కిందికి 36,000. జవాబుకి మళ్ళీ అంతే. మొత్తం 1,44,000 కిలోమీటర్లు. రేడియో తరంగం సెకనుకి 3 లక్షల కిలోమీటర్లు పరిగెడుతుంది కనక దారికే అర సెకను పోతుంది. వేగం పెంచుదామంటే భౌతికశాస్త్రం ఒప్పుకోదు.

ఆ అర సెకనుని ఓర్చుకోవచ్చు. అసలు కష్టం దారి ఇరుకు. దీవులన్నీ కలిసి ఆ కాస్త దారిలోంచే పోవాలి. విండోస్ 10 ఫైలు సుమారు 5 గిగాబైట్లు, అంటే 4,000 కోట్ల బిట్లు. సెకనుకి 256 కిలోబిట్లు వచ్చే లైను మీద, ఒక్క క్షణం తెగకుండా వచ్చిందనుకున్నా 43 గంటలు. మన వానలకి, మన కరెంటుకి తెగకుండా ఎక్కడొస్తుంది! తొంభై శాతం దగ్గర ఆగిపోయి మళ్ళీ సున్నా నుంచి మొదలయ్యే బాధ మీ తరానికి తెలీదు. అందుకని ఆ రోజుల్లో సాఫ్ట్‌వేర్ మనకి తీగ మీద రాలేదు, ఓడ మీద వచ్చింది. విశాఖ నుంచో చెన్నై నుంచో ఎవరైనా వస్తుంటే పెన్ డ్రైవులో వేసుకు రమ్మనేవాళ్ళం. పీసీక్వెస్ట్ పత్రికతో లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టం సీడీలు వచ్చేవి. లైనక్స్‌లోనే ఒక రకమైన ఉబుంటు వాళ్ళయితే 2011 దాకా, అడిగినవాళ్ళకల్లా పైసా తీసుకోకుండా ప్రపంచంలో ఎక్కడికైనా పోస్టులో సీడీలు పంపేవారు. సాఫ్ట్‌వేరు లోకంలో ఇంత పెద్దమనసు నేను చాలా తక్కువ చూశాను. ఆ సీడీలకి మన ఉప్పుగాలికి బూజు పట్టడం వేరే సంగతి.

2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన ఆప్టికల్ ఫైబర్ కేబుల్‌ని ప్రధాని ప్రారంభించారు. 2018 డిసెంబర్ 30న పోర్ట్ బ్లెయిర్‌లోనే దానికి శంకుస్థాపన జరిగింది. ఇప్పుడా ఊరిని శ్రీ విజయపురం అంటున్నాం కదా. హావ్‌లాక్, రంగత్, కార్ నికోబార్, లిటిల్ అండమాన్ లాంటి చోట్లతో కలిపి మొత్తం తీగ సుమారు 2,300 కిలోమీటర్లు. చెన్నైకీ మనకీ మధ్య రెండు దారులు, ఒక్కొక్కటీ సెకనుకి 200 గిగాబిట్లు. గాజులో కాంతి కాస్త నెమ్మదిస్తుంది, సెకనుకి 2 లక్షల కిలోమీటర్లే. అయినా చెన్నై పోయి రావడానికి 3,000 కిలోమీటర్లు వేసుకో, సెకనులో అరవయ్యో డెబ్బయ్యో వంతు. ఆకాశం కన్నా సముద్రం అడుగే మనకి దగ్గర దారయింది. మాకు పెద్ద విడుదల ఏదంటే విండోస్ 11 కాదమ్మా, ఆ ఆగస్టు 10.

కంపెనీ వార్తలంటావా, మనవాళ్ళకి అవంటే మహా సరదా. 2014 ఫిబ్రవరి 4న సత్య నాదెళ్ళ మైక్రోసాఫ్ట్ సీఈఓ అయినప్పుడు ఇక్కడి తెలుగువాళ్ళం ఎంత మురిసిపోయామో! హైదరాబాద్‌లో పుట్టినాయన, తండ్రి యుగంధర్ గారు అనంతపురం జిల్లా బుక్కాపురం మనిషి, పేరున్న ఐఏఎస్ అధికారి. బాగానే ఉంది. రెండు నెలలు దాటగానే, ఏప్రిల్ 8న, ఎక్స్‌పీకి నీళ్ళొదిలారు. ఆ తేదీ ఆయన కుర్చీ ఎక్కకముందే ఖరారైంది, ఆయన్ననడానికేం లేదు. కానీ సీఈఓ మనవాడైనంత మాత్రాన గడువు ఒక్క రోజు జరగదని నాకప్పుడు అర్థమైంది. ఐబీఎంలో అరవింద్ కృష్ణ కూడా మనాయనే. లైనక్స్ కంపెనీ రెడ్ హ్యాట్‌ని 3,400 కోట్ల డాలర్లకి కొనడంలో ముఖ్యుడు, 2020 ఏప్రిల్‌లో సీఈఓ అయ్యాడు. అదే డిసెంబరులో రెడ్ హ్యాట్ వాళ్ళు, 2029 దాకా ఉంటుందనుకున్న సెంటోస్ 8 అనే ఉచిత లైనక్స్‌ని 2021 ఆఖరుకే ఆపేస్తున్నామన్నారు. ఆ పాత గడువుని నమ్ముకున్న సర్వర్ల వాళ్ళు లబోదిబోమన్నారు.

మాట మార్చడంలో మైక్రోసాఫ్ట్ తక్కువ తినలేదులే. 2015లో వాళ్ళ ఉద్యోగి ఒకాయన సభలో విండోస్ 10నే ఆఖరి విండోస్ అన్నాడు. 2021 అక్టోబర్ 5న 11 వచ్చి కూర్చుంది. వస్తూ వస్తూ షరతులు తెచ్చింది. టీపీఎం 2.0 ఉండాలట. అంటే రహస్య సంకేతాలను డిస్కు మీద కాకుండా విడిగా భద్రపరిచే చిప్పు, లేదా ప్రాసెసర్‌లోనే అలాంటి ఏర్పాటు. అంతవరకు న్యాయమే. ప్రాసెసర్ కూడా ఇంటెల్‌లో ఎనిమిదో తరమో ఆ పైదో కావాలన్నారు. అవి బజారులోకి వచ్చిందే 2017లో. ఇదిగో ఈ కంప్యూటరు డబ్బా సంగతి చూడు. విండోస్ గుర్తున్న బటన్, ఆర్ కలిపి నొక్కు. విన్‌వెర్ అని కొట్టు. 22హెచ్2 అంటోందా? అది విండోస్ 10 ఆఖరి కూర్పు. నిన్న మూత విప్పితే లోపల చీమలు కాపురం పెట్టాయి. ర్యామ్ పలక తీసి, బంగారు పళ్ళని పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్ళీ పెట్టాను, టిక్కుమంటూ లేచింది. ఇంత బలంగా ఉన్న యంత్రాన్ని పనికిరాదనడం నాకు మింగుడు పడదు. సొంత ఇంటి వాడకందార్లకి 2026 అక్టోబర్ 13 దాకా సవరణలు పొడిగించారు గానీ, దానికి పేరు నమోదు చేసుకోవాలి. అప్పటికీ ఒక్క ఏడాదే.

అలాగని విడుదలైన రోజే ఎగబడి అప్‌డేట్ చేసుకోమననా? అననే అనను. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కాపలా సాఫ్ట్‌వేరు వాళ్ళు ఒక తప్పు ఫైలు పంపితే, ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలం తెర చూపించి కూలబడ్డాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు. పెద్ద కూర్పయితే రెండు మూడు నెలలు ఆగు. కన్నాలు పూడ్చే చిన్న సవరణయితే వారంలోపు వేసుకో. నేను పాటించేది ఇదే.

ఇంకో ముచ్చట చెప్పనా, ఇది మన అక్షరం చేసిన అల్లరి. 2018 ఫిబ్రవరిలో ఒకే ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లని పడగొట్టింది. ‘జ్ఞా’. మనకది ఒక్క అక్షరం గానీ, కంప్యూటరు దాచుకునేది ముక్కలుగా: జ, పొల్లు, ఞ, దీర్ఘం. ఆ దీర్ఘానికి ముందు, అక్షరాలని అతక్కుండా ఆపే కనపడని గుర్తు ఒకటి పడితే, ముక్కలని పేర్చి బొమ్మ గీసే ప్రోగ్రాము తికమకపడి కూలిపోయేది. మెసేజిలో వస్తే ఆ యాప్ తెరుచుకునేది కాదు. నోటిఫికేషన్‌లో వస్తే ఫోనే కింద పడి లేచేది. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. మన పక్కింటి బెంగాలీవాళ్ళ లిపిలోనూ ఇలాంటి కూర్పులు కొన్ని అదే పని చేశాయట. తెలుగు రాయడం ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు వచ్చినప్పటి నుంచీ మనకి సులువైంది గానీ, ఆ సులువు వెనకాల ఇంత అల్లిక ఉంది.

సరే, ఈ డబ్బాలో లైనక్సే వేద్దాం. ఉబుంటు పేరులోనే పుట్టిన తేదీ ఉంటుంది. 24.04 అంటే 2024 ఏప్రిల్. దానికి మామూలు సవరణలు 2029 దాకా. లైనక్స్ వాళ్ళు మాత్రం దేన్నీ వదిలెయ్యరనుకోకు. అటక మీద ఇంకా పాత 32 బిట్ల పెట్టె ఉంది చూడు, దానికి ఉబుంటు ఏనాడో దణ్ణం పెట్టేసింది. 2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13 కూడా అలాంటి వాటికి ఇన్‌స్టలేషన్ డిస్కు ఇవ్వడం మానేసింది.

అదిగో, 32 బిట్లంటే గుర్తొచ్చింది. ఏ కంపెనీ ప్రకటించని వీడ్కోలు తేదీ ఒకటుంది. లైనక్స్ లాంటి యూనిక్స్ జాతి యంత్రాలు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కపెడతాయి. పాత పద్ధతిలో ఆ లెక్కకి 32 బిట్ల చోటిచ్చారు. ఒక బిట్టు ప్లస్సా మైనస్సా అన్నదానికి పోగా, అందులో పట్టే పెద్ద సంఖ్య 2,14,74,83,647. అన్ని సెకన్లూ పూర్తయ్యేది 2038 జనవరి 19, మంగళవారం, మన టైములో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి. మరుసటి సెకను అలాంటి గడియారం మైనస్‌లోకి దొర్లి 1901 డిసెంబరుకి పోతుంది. కొత్త 64 బిట్ల యంత్రాలకి బాధ లేదు. విండోస్ 1601 నుంచి లెక్కపెడుతుంది, దాని దారి వేరు. భయమంతా లోపల చిన్న లైనక్స్ పెట్టి, అమ్మాక ఎవరూ పట్టించుకోని పరికరాలతోనే. మన వైఫై రౌటర్ అలాంటిదో కాదో చూడాలి. దాన్ని తిరగేసి అడుగున స్టిక్కరు మీద మోడల్ నంబరు చదివి చెప్పు. ఆ చీమతలకాయంత అక్షరాలు నా కళ్ళద్దాలకి ఆనవు.