‘భగవంతుని మీది పగ’: గ్రంథమాలయందలి మొదటి నవలను జదువు తెఱఁగు

లింగంపేటలో నొక పాఠశాలయందుఁ దెలుఁగు పండితులుగా నున్న మిత్రు లొక రీ నడుమ నన్నొక సంగతి యడిగిరి. వారి తరగతిలోని బాలుఁ డొకఁ డాంగ్లమున వెలువడు దీర్ఘాద్భుతకథల కలవాటుపడినవాఁడు. 1954లో వెలువడిన టోల్కీను గారి ‘ది ఫెలోషిప్ ఆఫ్ ది రింగ్’, 1996లో మార్టిన్ గా రారంభించిన ‘ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్’ మొదలగు మొదటి సంపుటములను జదివి, ‘ఇట్టివి మన భాషలో లేవా?’ యని యడిగెనఁట. పండితులు విశ్వనాథ సత్యనారాయణగారి పురాణవైర గ్రంథమాలలో మొదటిదగు ‘భగవంతుని మీది పగ’ను జేతి కిచ్చిరి. నాలుగు దినములకు బాలుఁడు పుస్తకముతోఁ దిరిగి వచ్చి, ‘సారూ, ఈ రాజులు నిజముగా నుండిరా? మా చరిత్రపాఠములో మగధ బింబిసారునితో మొదలగుచున్నది గదా!’ యనెను.

నిజమన్నచో నేపు పక్కతరగతిలోఁ జరిత్ర బోధించువారితో మాటపట్టింపు వచ్చును. కల్ల యన్నచో గ్రంథకర్త చేసిన ప్రతిజ్ఞయే పోవును. మిత్రు లేమియుఁ జెప్పలేక, ‘తరువాతఁ జెప్పెద’ నని పంపివేసిరఁట. ఈ చిక్కు వారి యొక్కరిదే కాదు. ఈ నవలను బిల్లల కిచ్చు ప్రతిపండితునకును వచ్చునదే. కావున నిచట నాకుఁ దోఁచినంత వ్రాయుచున్నాను.

మొదట గ్రంథమాల పేరును జూడుఁడు. పురాణవైర మను సమాసమును రెండు విధములుగా విడఁదీయవచ్చును. పురాణములయెడ వైర మనుట యొకటి. పురాణమైన, అనఁగా బ్రాచీనమైన వైర మనుట వేఱొకటి. మొదటి యర్థము మన దేశచరిత్రమును వ్రాసిన పాశ్చాత్యులను, వారి ననుసరించిన మనవారిని ఉద్దేశించినది. రెండవ యర్థము కథకుఁ జెందినది. ఈ రెంటిని గలుపునది మొదటి నవల పేరే యని నా యభిప్రాయము.

భాగవత సప్తమస్కంధమున నారదుఁడు ధర్మరాజునకు శిశుపాలుని గతి చెప్పుచు, ద్వేషముచేతఁ గూడ భగవంతుని జేరవచ్చునని యుపదేశించును. జయవిజయులు మూఁడు జన్మములలో హిరణ్యాక్ష హిరణ్యకశిపులై, రావణ కుంభకర్ణులై, శిశుపాల దంతవక్త్రులై ద్వాపరాంతమునకు దమ పగను దీర్చుకొని వెళ్ళిరి. ఆ మూఁడు పగలకును ఎదుట నిలిచిన భగవంతుఁ డుండెను. కలియుగమున నట్టి మూర్తి లేదు. కృష్ణుఁడు నిర్యాణమందిన పిమ్మట భగవంతునిపైఁ బగఁబూనినవాఁ డెవనిని గొట్టవలెను? ఆయన కథను గొట్టవలెను. ఆ కథను జెప్పు పురాణమును గొట్టవలెను. ఇట్లు భగవంతునిమీఁది పగ క్రమముగాఁ బురాణములమీఁది పగగా మాఱుచున్నది. తరువాతి నవలల పేరులు ‘నాస్తికధూమము’, ‘ధూమరేఖ’ యని యుండుటయు నీ క్రమమునకుఁ దగియున్నది. నిప్పు మొదటి సంపుటములో నున్నది, పొగ తరువాతివానిలో. మొదటిదానిని విడిచి నడుమ నేదో యొకదానిని బట్టినవారు పొగనే చూచెదరు.

ఇందులకే కాశీమజిలీకథలకును దీనికిని భేదము. మధిర సుబ్బన్న దీక్షితులుగారి పండ్రెండు భాగములును బెద్ద మాలయే. కాని మణిసిద్ధుఁడు గోపబాలుని వెంటఁబెట్టుకొని కాశికిఁ బోవుచు నొక్కొక్క మజిలీలో నొక్కొక్క కథ చెప్పును గావున, చదువరి యే మజిలీలోనైనఁ బ్రవేశింపవచ్చును. పురాణవైరమున నట్లు కుదురదు. పండ్రెండు నవలలును మగధసింహాసనమును బట్టి వంశమువెంట వంశముగా నడచును.

కథకు మగధనే యేల యెన్నుకొనిరి? భారతయుద్ధమునకు ముందే కృష్ణుని యుపాయముచే భీముఁడు జరాసంధునిఁ జంపెను. జరాసంధుని కొడుకు సహదేవుఁడు పాండవపక్షమునఁ బోరి మడిసెను. అతని కుమారుని గొన్ని పురాణములు సోమాధి యనఁగా, భాగవతము మార్జారి యనుచున్నది. తాతను జంపించినవాఁడు దేవుఁడు. ఆ దేవుని పక్షముననే పోరి తండ్రి చచ్చెను. ఇట్టి యింటఁ బుట్టినవానికిఁ బగ యుండవలయునా, భక్తి యుండవలయునా? నవలాకారునకు దీనికంటె మంచి వాకిలి దొరకదు. టోల్కీను గారు తమ కథకు వెనుక నుండు రాజవంశములను యుగములను దామే కల్పించుకొని గ్రంథాంతమున ననుబంధములుగాఁ జేర్చుకొనవలసివచ్చెను. విశ్వనాథవారి కా శ్రమ లేదు. వంశావళి వేయేండ్ల నుండి మన యింటనే యున్నది. పేరులు మాత్రముండి మనుష్యులు లేని చోట వారు మనుష్యులను, మంత్రతంత్రములను, వాదప్రతివాదములను నింపిరి.

ఇఁక బాలుని ప్రశ్న. దీనికిఁ గొంచెము లెక్క కావలెను. గ్రంథమాల కాధారము కోట వెంకటాచలముగారి (1885–1959) కాలనిర్ణయము. ఆయన 1953లో భారతకాలగణనమునందలి కుట్రను గూర్చి యాంగ్లమున గ్రంథము ప్రకటించిరి. కాశ్మీర నేపాళ చరిత్రలను గూడ నట్లే పునర్నిర్మించిరి. విశ్వనాథవారు తరువాత వ్రాసిన యాఱేసి కాశ్మీర నేపాళ నవలలకు మూల మదియే. కలియుగారంభము క్రీస్తునకుఁ బూర్వము 3102; భారతయుద్ధ మంతకు 36 ఏండ్లు ముందు, అనఁగా 3138. అచటినుండి బార్హద్రథులకు 1006, ప్రద్యోతులకు 138, శిశునాగులకు 360, నందులకు 100 ఏండ్లు తీసివేయఁగా మౌర్యచంద్రగుప్తుఁడు 1534లో వచ్చును. పాఠశాలలోఁ జెప్పుచున్న కాలమునకు దీనికిని భేదము పండ్రెండువందల యేండ్లకుఁ బైమాట. 1793లో సర్ విలియం జోన్సు యవనులు చెప్పిన సాండ్రకోట్టసును మౌర్యచంద్రగుప్తునిగా గుర్తించెను. వెంకటాచలముగారు కాదని, అతఁడు గుప్తవంశపు చంద్రగుప్తుఁ డనిరి.

ఇంతవఱకు లెక్క పురాణములకు సమీపముగానే యున్నది. బార్హద్రథులకు వేయేండ్లని పురాణములు చెప్పుచునే యున్నవి. ఇరువదియిద్దఱు రాజులకు వేయేండ్లనఁగా సగటున నొక్కొక్కరికి నలువదియైదేండ్లకుఁ బైఁబడును. ఇదియే యొకింత గొంతు దిగదు. అయినను చిక్కు మొదటి వంశములలోఁ గంటెఁ దరువాతివానిలో నెక్కువ. పురాణములలోఁ దఱుచుగాఁ గానవచ్చు సంఖ్యలు మౌర్యులకు 137, శుంగులకు 112, కాణ్వులకు 45, ఆంధ్రులకు 460. వీని మొత్తము 754. వెంకటాచలముగారు గ్రహించినవి వరుసగా 316, 300, 85, 506, మొత్తము 1207. ఈ పెద్ద సంఖ్యలు గ్రహించిననే గుప్తచంద్రగుప్తుఁడు 327లో నలెగ్జాండరునకు సమకాలికుఁ డగును. చిన్న సంఖ్యలు గ్రహించినచో గుప్తులు క్రీస్తునకుఁ బూర్వ మెనిమిదవ శతాబ్దిలోఁ బడుదురు, సిద్ధాంతము తెగిపోవును. వేఱువేఱు పాఠములను జూడఁగోరువారికి 1913లో పార్జిటర్ గారు ప్రకటించిన కలియుగరాజవంశముల సంకలన మున్నది. వారి నిర్ణయములతో నేకీభవింపకున్నను, ఆ పాఠాంతరముల పట్టిక పండితులకుఁ బనికివచ్చును.

శాసనము కూడఁ గలదు. కర్నూలు మండలమున ఎఱ్ఱగుడికడ నశోకుని ధర్మలిపులున్నవి. వానిలోఁ బదుమూఁడవ లిపియందు అంతియోకుఁడు, తురమాయుఁడు మొదలగు నైదుగురు యవనరాజుల పేరులు వచ్చును. ఆ యైదుగురును గ్రీస్తునకుఁ బూర్వము మూఁడవ శతాబ్దివారు. అశోకుని బదునైదవ శతాబ్దికిఁ దీసికొనిపోయినచో నీ పేరులకు గతి లేదు. వీరు పశ్చిమపు సరిహద్దుననున్న వేఱు యవను లని యా పక్షమువారు సమర్థింపఁజూచిరి గాని, యైదు పేరు లొక్కసారి కుదురుట యాదృచ్ఛిక మని నేను నమ్మఁజాలను. చరిత్రమున నేను శిలవైపే.

కాని నవలను జదువునపుడు శిలను బయట నుంచవలెను. గ్రంథకర్త చెప్పిన కాలము నంగీకరించిననే కథ నడచును. హనుమంతుఁ డబ్ధి దాఁటెనా యని లెక్క గట్టుచు సుందరకాండను జదువువాఁడు సుందరకాండను జదువనట్లే. ఒకటే భేదము. వాల్మీకి చదువరితో వాదము పెట్టుకొనలేదు, విశ్వనాథవారు పెట్టుకొనిరి. నడుమనడుమఁ గథ నాఁపి, చరిత్రకారులతోఁ దగవాడుట వారికిఁ బరిపాటి. అచట మాత్రము పండితుఁడు బాలుని ప్రక్కన నుండవలెను. ఇది కథ, ఇది వాద మని వేలుపెట్టి చూపవలెను. కథ యగుచోట మాటాడకుండుట మంచిది.

పిల్లలు మొదటి యేఁబది పుటలలోనే విసుగుచెందుట కింకొక కారణము పేరులు. దీనికి మందు సులభము. నవల నిచ్చుటకు ముందు భాగవత నవమస్కంధము చివర నున్న మగధవంశమును, ద్వాదశస్కంధారంభమును జదివింపవలెను. మొదటిది పోతనగారి తెలుఁగు, రెండవది వెలిగందల నారయ గారిది. రిపుంజయుని మంత్రి చంపి తన కొడుకు ప్రద్యోతుని గద్దె నెక్కించుటవఱకుఁ దెలిసిన చదువరి యే నవలలోనుఁ ద్రోవ తప్పఁడు. విశ్వనాథవారి వచనము చిన్న చిన్న వాక్యములతో నడచునదే. బరువు తలఁపులలో నున్నది గాని మాటలలోఁ లేదు.

ఈ సంగతులన్నియు మిత్రులకు వ్రాసితిని. లింగంపేటలో నాగన్నబావి కలదు. అంతస్తులుగా దిగు మెట్లబావి. పై మెట్టుపై నిలిచి లోఁతు నెఱుఁగలేమని బాలునికిఁ జెప్పి, బార్హద్రథుల పట్టిక నొక కాగితముపై వ్రాసియిచ్చితి మని వారు ప్రత్యుత్తర మిచ్చిరి. ఇప్పు డా బాలుఁడు నాలుగవదగు ‘నందో రాజా భవిష్యతి’ వఱకు వచ్చినాఁడఁట. పరీక్షిజ్జననము మొదలు నందాభిషేకమువఱకు వేయిన్ని పదునేనేండ్లని యొక పురాణపాఠము, వేయిన్ని యేఁబది యని వేఱొకటి, వేయిన్నూటపదునేను అని భాగవతము, పదునైదువందలని మఱియొక పాఠమును జెప్పుచుండఁగా, నవలాకారుఁ డేది గ్రహించెనో తాను కూడి చూచెద నని విష్ణుపురాణ మడిగెనఁట. వారి పాఠశాలలో నది లేదు. నా ప్రతిని బంపుచున్నాను.